ఆఖరి ఎపిసోడ్ రాయబోయే ముందు

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. ఏళ్ల తరబడి నడిచిన సిట్‌కామ్‌కి, అంటే టీవీ హాస్య సీరియల్‌కి, ఆఖరి ఎపిసోడ్ తొలి డ్రాఫ్ట్ నీ చేతికిచ్చారంటే నీ మీద గురి కుదిరిందన్నమాట, సంతోషం. జనం చేత కంటతడి పెట్టించడం ఎలా అని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు లెక్క చూద్దాం.

నీకున్నది 22 నిమిషాలు. ముఖ్యపాత్రలు ఆరు. ఒక్కొక్కరి వీడ్కోలుకి రెండు నిమిషాలిచ్చినా పన్నెండు పోయాయి. మిగిలిన పదిలో కథ నడవాలి, నవ్వించాలి. అందులోనే ఒక పెళ్లి, ఒక ఉద్యోగం, ఊరు విడిచి వెళ్లే ప్రయాణం, పాత పగ తీరడం కుక్కితే నిమిషానికో శుభవార్త చదివినట్టు ఉంటుంది. అందుకని తేలని ముడులన్నీ ఒక కాగితం మీద రాయి. ఏళ్లు నడిచిన షోలో ముప్పై దాకా దొరుకుతాయి. ప్రేక్షకుడు నిజంగా ఎదురుచూసేవి వాటిలో రెండో మూడో. ఒక్కటో రెండో ఆఖరికి అట్టిపెట్టి, మిగతావి ముందరి ఆరేడు ఎపిసోడ్లలో ఒక్కొక్కటిగా విప్పెయ్. కొన్నిటిని అలాగే వదిలెయ్, ఎవరూ అడగరు.

ఆరుగురు స్నేహితుల కథ ‘ఫ్రెండ్స్’ 2004 మేలో ముగిసింది. వాళ్లలో ఒకరైన ఫీబీ పెళ్లి ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకే ఆఖరి గంటకి విమానాశ్రయం గొడవా, పిల్లలు పుట్టడమూ, ఇల్లు ఖాళీ చేయడమూ మాత్రమే మిగిలాయి. చివర్లో అందరూ ఆ ఇంటి తాళంచెవులు తీసి గట్టు మీద పెడతారు. ఆ వెంటనే కాఫీకి వెళ్దామన్న మాట వస్తే, పదేళ్లుగా ఒకే కాఫీ షాపులో కూర్చున్న చాండ్లర్ ‘ఎక్కడికి?’ అని అడుగుతాడు. ఏడుపు గొంతు దాకా వచ్చిన క్షణంలో ఒకే ఒక్క మాట జోకు. అంతకంటే పొడవైతే ఏడుపూ పోయేది, నవ్వూ పోయేది.

ఇక ముగింపు ఏమిటన్నది. దానికి పైలట్, అంటే షో మొట్టమొదటి ఎపిసోడ్, చూడు. స్క్రిప్టు కాదు, ప్రసారమైన ఎపిసోడ్. ఈ మనుషుల్ని ఒకచోట కట్టిపడేసిన ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకో. సిట్‌కామ్ అంటేనే ఎక్కడో ఇరుక్కుపోయిన వాళ్ల కథ. ఆ ఇరుకు ఎక్కడ సడలిందో అదే నీ ముగింపు. ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’లో మొదటి సీజన్ నుంచి పాడైపోయి ఉన్న లిఫ్టు 2019లో గంటసేపు సాగిన ముగింపులో బాగవుతుంది. తలుపు తెరుచుకుంటే చాలు, వాళ్లు ఎక్కిన మెట్లన్నీ గుర్తొస్తాయి. ఉపన్యాసం అక్కర్లేదు.

అయితే పైలట్ చూడమన్నానని మొదట అనుకున్న ముగింపుకే కట్టుబడకు. ఇక్కడే పెద్దపెద్ద వాళ్లు బోల్తా పడ్డారు. ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’లో వాళ్లమ్మని ఎలా కలిశాడో తండ్రి చెప్పే కథ వింటున్న పిల్లల చివరి సన్నివేశం రెండో సీజన్ నాటికే తీసి పెట్టుకున్నారు. ఆలస్యమైతే పిల్లలు ఎదిగిపోతారు కాబట్టి అది తెలివైన పనే. కానీ షో తొమ్మిది సీజన్లు నడిచింది. ఆఖరి సీజన్ దాదాపు మొత్తం ఒకే పెళ్లి చుట్టూ తిప్పారు. 2014లో వచ్చిన ముగింపులో ఆ పెళ్లి కాసేపట్లో విడాకులైంది. అప్పటికి ప్రేక్షకులకు బాగా దగ్గరైన తల్లి చనిపోయింది. జనం మండిపడ్డారు. తర్వాత డీవీడీలో మరో ముగింపు ఇవ్వాల్సి వచ్చింది. రెండో ఏట తీసిన ఫుటేజ్ రెండో ఏటి మనుషులకే సరిపోతుంది. అలా ముందే తీయక తప్పకపోతే రెండు రకాలుగా తీసి ఉంచమని చెప్పు. ఖర్చు ఎక్కువంటారు, అయినా చెప్పు.

పాత అతిథి పాత్రల్ని వెనక్కి పిలవాలని అందరూ ఉబలాటపడతారు. పిలిస్తే పని ఇచ్చి పిలువు. 1998లో ‘సైన్‌ఫెల్డ్’ ఆఖరి ఎపిసోడ్‌లో పాతవాళ్లంతా కోర్టుకొచ్చి ముఖ్యపాత్రల మీద సాక్ష్యం చెప్పి వెళ్తారు. దాంతో కథ కాస్తా హాజరుపట్టీ అయింది. ఆ ఎపిసోడ్‌ని చాలామంది తిట్టారు గానీ, చివర్లో చొక్కా గుండీ గురించిన మాట పైలట్‌లోని మొదటి సంభాషణే తిరిగి రావడం నాకిప్పటికీ నచ్చుతుంది. ఏమీ నేర్చుకోని మనుషులు ఏమీ నేర్చుకోకుండానే మిగిలారు.

సెట్ మీద సంగతులు కూడా రాసేవాడికి తెలియాలి. ప్రేక్షకుల ముందు తీసే షో అయితే స్క్రిప్టు డబుల్ స్పేసింగ్‌లో పేజీకి దాదాపు అరనిమిషం పడుతుంది. ఆఖరి రోజు ఒక్కొక్కరు తలుపు తీసుకుని రాగానే చప్పట్లు కొడతారు, అవీ నిడివి తింటాయి. మామూలు కంటే మూడు పేజీలు తక్కువ రాయి. వీడ్కోలు డైలాగులు పొట్టిగా ఉండాలి. ఆ రోజు నటులు నిజంగానే ఏడుస్తారు, పొడవాటి వాక్యం సగంలో గొంతు పట్టేస్తుంది. గంట ఎపిసోడ్ అయితే పునఃప్రసారంలో దాన్ని రెండు అరగంటలుగా చీలుస్తారు. కాబట్టి సరిగ్గా మధ్యలో, అక్కడ ఆగినా సరిపోయే ఒక మలుపు పెట్టు. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఆఖరున ప్రసారమయ్యేది ఆఖరున తీయాలన్న రూలేమీ లేదు. 1983 ఫిబ్రవరి 28న, కొరియా యుద్ధం నాటి సైనిక ఆసుపత్రి కథ ‘మాష్’ రెండున్నర గంటల స్లాట్‌లో ముగిసినప్పుడు అమెరికాలో 10 కోట్ల మందికి పైగా చూశారు. కానీ యూనిట్ చివరగా తీసింది అంతకుముందు ప్రసారమైన వేరే ఎపిసోడ్. ఆఖరిదానికి ఎడిటింగ్ పని ఎక్కువని ముందే తీసేశారు. అది తీస్తుండగా కార్చిచ్చు వచ్చి బయటి సెట్ కాలిపోతే ఆ మంటనీ కథలో కలిపేసుకున్నారు. నీ డ్రాఫ్ట్‌లోనూ అలాంటిదానికి కాస్త చోటు ఉండాలి. సెట్ ఎత్తేసే ముందు ప్రతి గదినీ ఖాళీగా, రోజూ పెట్టే కెమెరా కోణాల నుంచే తీయించు. రేపు ఎడిటింగ్‌లో కావాలంటే ఆ గోడలుండవు.

ప్రసారానికి ముందు రోజు, ఏ సన్నివేశంతో ఏం సాధించాలనుకున్నావో నాలుగు వాక్యాలు రాసి కవర్లో పెట్టు. ఆ రాత్రి వచ్చే మాటలేవీ చదవకు, తెల్లారాకా చదవకు. నెల తర్వాత ఎపిసోడ్ మళ్లీ చూసి కవరు విప్పు. అప్పుడు తెలుస్తుంది, తిట్లలో ఏవి ముగింపుకి పడ్డవో, ఏవి షో అయిపోయిందన్న బెంగకి పడ్డవో.

డ్రాఫ్ట్ చూసి పెట్టమన్నావు. ఆఖరిది పంపకు. దాని ముందరి మూడు ఎపిసోడ్లు పంపు.

ఆశీస్సులతో.