పెంగ్విన్ల నవల చదివి పిల్ల మారాం చేస్తోందా? మా ఇంట్లో ఈము పెరిగింది కాబట్టి చెప్తున్నా

ఐదో తరగతి పాప ‘మిస్టర్ పాపర్స్ పెంగ్విన్స్’ చదివి, మనమూ అలాంటిదేదైనా పెంచుదామని పోరు పెడుతోంది, ఆ పుస్తకం ఇచ్చి తప్పు చేశామా అని కదా మీరడిగింది. తప్పేం లేదండీ. ఇంట్లో వింత జీవాన్ని పెంచితే ఏమవుతుందో అది బాగానే చెప్తుంది, మీ పాప సగమే పట్టించుకుంది అంతే.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1938లో వచ్చిన అమెరికా నవల ఇది, రాసింది రిచర్డ్, ఫ్లారెన్స్ అట్‌వాటర్ దంపతులు. ఇళ్ళకు రంగులేసే పాపర్‌కి ధ్రువ ప్రాంతాలంటే పిచ్చి. అక్కడ తిరిగే అడ్మిరల్ డ్రేక్‌కి ఉత్తరం రాస్తే ఆయన ఏకంగా ఒక పెంగ్విన్‌ని పార్సిల్ చేస్తాడు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, గాలాడ్డానికి తలుపుకి బెజ్జాలు వేయిస్తారు. ఒంటరిగా ఉండి నీరసపడిపోతే అక్వేరియం నుంచి ఇంకో పెంగ్విన్ వస్తుంది, ఆ తర్వాత పది పిల్లలు! చదివే పిల్లలు నవ్వేది ఇక్కడే. నేను ఆగిపోయింది మాత్రం మిసెస్ పాపర్ దగ్గర. చలికాలం మొగుడికి పనుండదు, చేతిలో డబ్బు లేదు, డజను పెంగ్విన్లకు మేత ఎక్కణ్ణుంచి తేవాలి? ఆమెకి పొద్దున లేస్తే అదే లెక్క. మా అమ్మకీ అంతే.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. జత కొనండి, గుడ్లూ పిల్లలూ మేమే తిరిగి కొంటామని కంపెనీలవాళ్ళు చెప్తే నమ్మి మన దిక్కు చాలామంది ఈము (నిప్పుకోడిలాంటి పెద్ద పక్షి) షెడ్లు వేసిన రోజులున్నాయి కదా, అప్పుడు మా చిన్నాయన కూడా వేశాడు. 2012 వచ్చేసరికి ఆ వ్యాపారం కుప్పకూలింది. కొనేవాడు లేడు, దాణా ఖర్చు మాత్రం ఆగదు. ఉన్నవాటిని అయినకాడికి అమ్మేసి, చివరికి ఒకటి మిగిలితే మా బాపు తోలుకొచ్చి మా దొడ్లో పెట్టాడు.

మనిషంత ఎత్తుండేది. మక్కలు, ఆకుకూర, వంటింటి తొక్కలు ఏదేసినా తినేది, దాంతో ఆగితే బాగుండు. పళ్ళుండవు కాబట్టి మేత నలగడానికి ఈములు గులకరాళ్ళు మింగుతాయి, ఆ ఊపులో మెరిసేదేది కనబడినా నోట్లో వేసుకుంటాయి. చొక్కా గుండీలు, సైకిల్ నట్లు పోయాయి, ఓసారి మా చెల్లె పట్టీ మువ్వ కూడా పోయింది. అమ్మ కట్టెపుల్ల పట్టుకుని దాని రెట్టలన్నీ కెలుకుతూ తిరిగితే మువ్వ దొరికింది, కానీ చెల్లె మళ్ళీ ముట్టలేదు. ఇక ఎండాకాలం సంగతి చెప్పొద్దు. బోరు రెండు బిందెలకే ఆయాసపడుతుంటే, దీనికేమో పైపుతో నీళ్ళు కొట్టాలి, అప్పుడు బురదలో కూలబడి కదలదు. ఆడ ఈము గొంతులో సంచి ఉబ్బించి డప్పు కొట్టినట్టు చప్పుడు చేస్తుంది, మాది ఆడదే. రాత్రి మా ఇంట్లో పడుకున్న చుట్టాలకి ముందే చెప్పేవాళ్ళం.

చివరికి ఊరవతల పెద్ద తోట ఉన్నాయన వచ్చి తీసుకెళ్ళాడు. అన్నాళ్ళూ దాన్ని తిట్టిపోసిన అమ్మే ఆరోజు అన్నం ముట్టలేదు.

అందుకే ఆ నవల చివరి అధ్యాయాలు పాపతో కలిసి చదవండి. సినిమావాళ్ళు డబ్బు ఆశ చూపించినా పాపర్ ఎందుకు ఒప్పుకోలేదు, పెంగ్విన్లని డ్రేక్‌తో ఉత్తర ధ్రువానికి ఎందుకు పంపించాడు అని అడగండి. (అక్కడ పెంగ్విన్లుండవు, ఆ సంగతి కథలో వాళ్ళకీ తెలుసు, తెలిసే తీసుకెళ్తారు.) పాప చెప్పే జవాబుని బట్టి ఏ జీవాన్ని తేవచ్చో మీకే తెలుస్తుంది.

తర్వాత రామచిలుకో, నక్షత్ర తాబేలో అడుగుతుంది చూడండి. దొంగచాటుగా అమ్మేవాళ్ళుంటారు, అస్సలు కొనొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అవి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. మీరుండేది నల్లగొండ కదా, సొంతిల్లు, వెనక కాస్త జాగా ఉంటే గిన్నె కోళ్ళు తెచ్చుకోండి. చూడ్డానికి వింతగానే ఉంటాయి, పురుగూ పుట్రా ఏరుకు తింటాయి, ఖర్చు తక్కువ. అపార్ట్‌మెంట్ అయితే మాత్రం వద్దు, ఒక్కటి అరిచిందంటే పై ఫ్లోర్‌ వాళ్ళు కూడా కిందికి దిగొస్తారు.