తలంబ్రాలు గీతలుగా పడ్డాయని కెమెరాని ఆటోకి తిప్పకు

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. కెమెరాని మాన్యువల్‌లో పెడితే ఒక ఫోటో నల్లగా, ఒకటి తెల్లగా వస్తోందని, టెన్షన్ పడి మళ్లీ ఆటోకి తిప్పేశానని రాశావు. పెళ్లిలో తీసిన తలంబ్రాల ఫోటో కూడా చూశాను. గింజలన్నీ తెల్లటి గీతల్లా పడ్డాయి. ఎందుకలా వచ్చిందో కెమెరానే రాసిపెట్టింది, ఫోటో వివరాల్లో చూడు. షట్టర్ 1/30, అంటే వెలుగు లోపలికి వచ్చింది సెకనులో ముప్పయ్యో వంతు సేపు. ఆ కాస్త సమయంలోనే గింజ నాలుగు వేళ్ల మేర కిందికి జారింది.

నువ్వు షట్టర్, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం), ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) మూడింటినీ ఒకేసారి తిప్పుతున్నావు, గందరగోళం అక్కడే. ఈ వారం ఐఎస్ఓని 100 దగ్గర వదిలెయ్. పొద్దున తొమ్మిది దాటాక, మంచి ఎండలో, డాబా మీద తమ్ముడి చేత గుప్పెడు బియ్యం పోయించు. అపర్చర్ ఎఫ్ 16, షట్టర్ 1/100తో మొదలుపెట్టు. ఫిల్మ్ రోజుల్లో వెలుగు కొలిచే మీటర్ లేకపోయినా మేం వాడిన లెక్క ఇదే: నిండు ఎండలో ఎఫ్ 16 పెడితే, ఐఎస్ఓ ఎంతో షట్టర్ సెకనులో అన్నో వంతు. తర్వాత ఎఫ్ 11, 1/200. ఆపైన ఎఫ్ 8, 1/400. ఆఖరికి ఎఫ్ 5.6, 1/800. నాలుగు ఫోటోల్లోనూ వెలుగు ఒకేలా ఉంటుంది, గింజలు మాత్రం మారిపోతాయి. మొదటిదాంట్లో సాగిన గింజ నాలుగోదాంట్లో గాలిలో ఆగి, దేనికది విడిగా కనిపిస్తుంది. స్క్రీన్ మీద పెద్దది చేసి చూడు. అది చూసిన రోజు నీకు షట్టర్ వచ్చేసినట్టే.

ఎఫ్ పక్కన అంకె పెరిగితే కన్నం చిన్నదవడం ఏంటని అడిగావుగా. లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ని ఆ అంకెతో భాగిస్తే వచ్చేదే కన్నం వెడల్పు. అంతే.

మీటర్‌ని గుడ్డిగా నమ్మకు. దానికి అన్నీ నడిమి బూడిద రంగే. పంతులుగారి తెల్ల పంచెని మసకగా, గేదెని వెలిసినట్టుగా చూపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకి వెళ్తే ఇంకో చిక్కు. మీటర్ బాగానే ఉందంటుంది, కానీ కాయల ముడతలు పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. అక్కడ కాస్త తక్కువ వెలుగుతో తియ్యి, హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంతుందో స్క్రీన్ మీద చూపే గ్రాఫ్) ఎరుపు కుడి అంచుకి గుద్దుకోకుండా చూసుకో.

కళ్యాణ మండపాల్లో పాత ట్యూబ్‌లైట్లుంటే షట్టర్ 1/100 లేదా 1/50 పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వందసార్లు మినుకుమంటుంది. అంతకంటే వేగంగా తీస్తే ఒక్కో ఫోటో ఒక్కో వెలుగులో వస్తుంది.

కెమెరా చేతిలోకి తీసుకోగానే ముందు ఐఎస్ఓ చూడు. ఒకసారి నేను 400 ఐఎస్ఓ ఫిల్మ్ తీసి 100ది వేసి, కెమెరా మీద ఐఎస్ఓ డయల్ మార్చడం మర్చిపోయాను. 36 ఫోటోలూ మసిబారాయి. పెళ్లికూతురి తండ్రి ఒక్క మాటా అనకుండా ఆల్బమ్ మూసేశాడు, నాకు ఇప్పటికీ బాధే.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా సీతానగరం ఘాట్‌కి రా. ప్రకాశం బ్యారేజీ గేట్లు దగ్గరివీ దూరానివీ స్పష్టంగా రావాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలో అక్కడే చూపిస్తాను. బ్యాటరీ ఛార్జ్ చేసి పెట్టుకో. చెడిపోయిన ఫోటోలు డిలీట్ చెయ్యకు, ముందు అవే చూద్దాం.

మీ మావయ్య