పశువులు మట్టి నాకుతుంటే మళ్లీ నట్టల మందేనా?

ప్రశ్న: మాకు 14 పశువులున్నాయి. వానలు లేక బీడు ఎండిపోయింది. ఇంటి వద్ద సుమారు 3 టన్నుల వరిగడ్డి మాత్రమే మిగిలింది. పశువులు చిక్కిపోయి, మట్టి నాకుతూ, ఎముకలు కొరుకుతున్నాయి. మందుల దుకాణదారు నట్టలని (కడుపులోని పురుగులని) చెప్పగా రెండు నెలల్లో మూడుసార్లు నట్టల మందు, దానితో పాటు లివర్ టానిక్ తాగించాము. గుణం కనిపించలేదు. వేరే మందు ఏదైనా సూచించగలరు. ఈ మధ్య కురిసిన చిన్న వానకు బీడు పచ్చబడింది, ఎండిన జొన్న చేలో పిలకలు వచ్చాయి. పశువులను వదలవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను, అందులో ఆలస్యం పనికిరాదు. ఆ జొన్న చేలోకి పశువులను వదలకండి. నీటి ఎద్దడికి గిడసబారిన జొన్నలో, అంతకన్నా ఎక్కువగా వాన తగిలాక మొదళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో, కడుపులో హైడ్రోసయనిక్ ఆమ్లంగా మారే పదార్థం అధికంగా ఉంటుంది. ఆకలిగొన్న ఆవు ఆత్రంగా కొద్దిసేపు మేసినా నాము (ఆ విషం) తగిలి, ఆయాసపడి, వణుకుతూ నిమిషాల్లో కూలిపోవచ్చు. అలా జరిగితే పశువైద్యుడు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను నరానికి ఎక్కించడమే మార్గం, ఇంటి చిట్కాలకు వ్యవధి ఉండదు. జొన్నను పూత వచ్చాకే కోసి, పలచగా పరచి బాగా ఎండబెట్టి, ముందుగా కొంత వరిగడ్డి తిన్న పశువులకు వేయండి. ఆ చేనికి ఈ మధ్య యూరియా వేసి ఉంటే మాత్రం మేతను పరీక్ష చేయించండి, ఎందుకంటే మొక్కలో పేరుకున్న నైట్రేట్ ఎండబెట్టినా పోదు.

ఇక మీ పశువుల జబ్బు నట్టలని నేను అనుకోవడం లేదు. మట్టి నాకడం, ఎముకలు కొరకడం భాస్వరం, ఉప్పు లోపాలకు గుర్తు; చిక్కిపోవడానికి కారణం చాలీచాలని నాసిరకం మేత. వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే ఉంటాయి. మేతలో అవి దాదాపు 7 శాతం లేకపోతే పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని జీర్ణం చేయలేవు. అందువల్ల కడుపు నిండినట్లే కనిపించి కూడా పశువు ఎండిపోతుంది. 350 కిలోల పశువుకు రోజుకు 6 కిలోల వరిగడ్డితో పాటు ముప్పాతిక కిలో వేరుశనగ చెక్క, 50 గ్రాముల లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు ఇవ్వండి. చెక్కను పావు కిలోతో మొదలుపెట్టి వారం రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకురావాలి. పాలిచ్చే వాటికి ప్రతి రెండున్నర లీటర్ల పాలకు మరో కిలో దాణా అవసరం. పచ్చిమేత అందక విటమిన్-ఏ లోపం కూడా వస్తుంది కాబట్టి మాపటివేళ తడబడే పశువు ఉంటే వైద్యునికి చూపించండి. ఎముకలు, కళేబరాలు ఎక్కడున్నా లోతుగా పూడ్చండి. వాటిని కొరికిన పశువులకు బొటులిజం (కుళ్లిన కళేబరాల్లో పుట్టే విషం వల్ల వచ్చే జబ్బు) సోకి కాళ్లు చచ్చుబడి చనిపోయే ప్రమాదం ఉంది.

గడ్డిని యూరియాతో మాగవేయడం కూడా మంచిదే. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, గాలి చొరకుండా తొక్కి కప్పి, 21 రోజుల తరువాత తీసి ఘాటు పోయేవరకు ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకండి. యూరియా నీళ్లను నేరుగా తాగించే పని ఎన్నడూ చేయవద్దు, అది ప్రాణం తీస్తుంది.

పేడ పరీక్ష లేకుండా రెండు నెలల్లో మూడుసార్లు మందు పోయమనడం వైద్యం కాదు, సీసాలు అమ్ముకోవడం. ఎండ మాడ్చేసిన బీడులో నట్టల పిల్లలు అంతగా బతకవు. అవసరం లేని మందును పదేపదే వాడితే నట్టలు దానికి అలవాటుపడతాయి. పైగా ఆల్బెండజోల్ వంటి మందు చూడి తొలి దశలో ఇస్తే కడుపులోని దూడకు హాని. మూడు విడతల మందుకూ టానిక్‌కూ పెట్టిన డబ్బుతో చెక్క కొని ఉంటే పశువుల పక్కటెముకలు ఇంతగా తేలేవి కావు. అయితే ఎండిపోతున్న కుంట అంచున మీ మంద మేస్తూ, ఏ పశువుకైనా దవడ కింద నీరు దిగితే అది కార్జపు జలగ (కాలేయంలో చేరే ఒక రకం నట్ట) కావచ్చు. అందుకు నాలుగైదు పశువుల తాజా పేడను వేర్వేరు డబ్బాల్లో అదే రోజు పరీక్షకు పంపండి. నట్టలు తేలితే, రకాన్నీ పశువు బరువునూ బట్టి వైద్యుడు చెప్పిన మందు మాత్రమే వాడాలి.

గడ్డి లెక్క మీరు వేసినట్లు లేదు. 14 పశువులకు తలకు 6 కిలోల చొప్పున రోజుకు 84 కిలోలు; మీ 3 టన్నులు 36 రోజుల్లో అయిపోతాయి. అదే 8 పశువులైతే 62 రోజులు వస్తాయి. వట్టిపోయి చూడి నిలవని ఆవులను, ముసలి వాటిని ఇప్పుడే, ఒంట్లో కాస్త కండ ఉండగానే తగ్గించుకోండి. కష్టమైన మాటే, కానీ మరో నెల ఆగితే అమ్మదగిన స్థితిలో అవి ఉండవు, మిగిలిన వాటికి గడ్డీ ఉండదు.

బీడు విషయానికి వస్తే, ఒక్క వానకు మొలిచిన ఆ పచ్చదనం వేళ్లలో మిగిలిన నిల్వతో వచ్చినది. ఇప్పుడే మేపితే దుబ్బులు చచ్చిపోయి, రాబోయే పెద్ద వాన నీరు నేలలో ఇంకక పారిపోతుంది. అంగుళం గడ్డి కోసం పశువులు రోజంతా తిరిగి ఖర్చుచేసే శక్తి, తిన్నదానికన్నా ఎక్కువే అవుతుంది. కాబట్టి పశువులను ఒక మూలన కంచె వేసి అక్కడే మేత, నీరు పెట్టండి. గడ్డి 15-20 సెంటీమీటర్లు ఎదిగిన తరువాత బీడును భాగాలు చేసి ఒక్కొక్కటిగా వదిలి, 8-10 సెంటీమీటర్లు మిగిలి ఉండగానే మందను పక్క భాగానికి మళ్లించండి.