21 వేల కంప్యూటర్‌కి యాప్‌లో అప్పెందుకు?

ప్రశ్న (ఉత్తరం నుంచి క్లుప్తంగా): నాకు 36 ఏళ్లు. తెనాలిలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. భార్య, ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 22,000, షాపు అద్దె, కరెంటు 4,500. చీటీ కూడా కట్టాక నెలకు మూడు వేల దాకా మిగులుతుంది. 2014లో కొన్న డెస్క్‌టాప్ (ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్) బాగా నెమ్మదించింది, హార్డ్ డిస్క్ టిక్‌టిక్‌మంటోంది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్), అదనంగా ర్యామ్ వేయిస్తే 4,200 అన్నారు. రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) ఐ5 ఎనిమిదో జనరేషన్ మానిటర్‌తో కలిపి 21,000. బ్యాంకులో 18,000 ఉంది. లక్ష చీటీ, 20 నెలలకు 9 కట్టాను. యాప్‌లో పాతిక వేలు ప్రీ అప్రూవ్డ్ వచ్చింది, స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: కంప్యూటర్ గురించి మీరు పేజీన్నర రాశారు, ప్రాసెసర్ నంబర్లతో సహా. అప్పు గురించి ఒకే ఒక్క లైను. నేను ఆ లైను దగ్గరే ఆగిపోయాను. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. వస్తువు కొనేముందు నాలుగు షాపులు తిరిగి బేరమాడే మనిషి, డబ్బు తెచ్చుకునే చోట మాత్రం ఫోన్లో వచ్చిన మొదటి మెసేజ్‌కే సరే అంటాడు.

మీ స్క్రీన్‌షాట్లలోని లెక్కే చూద్దాం. 25,000 అప్పు, ఏడాదికి 36 శాతం వడ్డీ, 12 వాయిదాలు. 5 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ కలిపి 1,475 ముందే కోసేస్తారు. మీ చేతికొచ్చేది 23,525. కట్టేది నెలకు 2,512 చొప్పున 30,144. కోసుకున్నది కూడా కలిపి లెక్కేస్తే అది నాలుగు రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా వందకి నాలుగు రూపాయలు అడిగితే మీ ఇంట్లో పెద్దవాళ్లు గుమ్మం తొక్కనిస్తారా? అదే పని రంగుల బొమ్మలతో ఫోన్లో జరిగితే "ఆఫర్" అంటున్నాం. అప్పు వివరాలన్నీ ఒకేచోట చెప్పే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపిన ఏడాది వడ్డీ రేటు) అని ఒక అంకె చూపించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మీరు పంపిన నాలుగు స్క్రీన్‌షాట్‌లలో ఆ పేజీ ఒక్కటే లేదు. ఇక నెలకు మిగిలేది మూడు వేలు, వాయిదా రెండున్నర వేలు. పిల్లాడికి జ్వరమొచ్చిన నెల వాయిదా తప్పుతుంది. ఇది కొరివితో తల గోక్కోవడమే, ఇంతకంటే మర్యాదగా చెప్పలేను.

చీటీ పాడేద్దామన్న ఆలోచన కూడా మీకుంది. పాట ఇప్పుడు 18,000 దగ్గర నడుస్తోందన్నారు, అంటే ఇప్పుడు పాడితే లక్షలో అంత వదులుకోవాలి. చివరిదాకా ఆగితే కమిషన్ ఐదు వేలే పోతుంది. తేడా 13,000. అంటే 21,000 మిషన్ మీకు 34,000 పడుతుంది. చేతికొచ్చే మిగతా అరవై వేలు ఏమవుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీది రిజిస్టర్డ్ చీటీయో, వీధి చీటీయో రాయలేదు. వీధి చీటీ అయితే ఇది అయ్యాక మళ్లీ కట్టకండి.

ఇప్పుడు అసలు సంగతి. నెలకు 26,500 ఖర్చున్న ఇంటికి బ్యాంకులోని 18,000 అంటే ఇరవై రోజుల డబ్బు. సంపాదించే మిషన్ ఒక్కటే, సంపాదించే మనిషీ ఒక్కడే. హాల్‌టికెట్ల సీజన్‌లో మిషన్ వారం ఆగిందంటే గిరాకీ ఎదురు షాపుకు పోతుంది, అద్దె మాత్రం ఆగదు. మీకు కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే 1,59,000. ఆ 18,000 దానికి విత్తనం. దాన్ని ఈ వారమే మీ భార్య పేరున ఇంకో బ్యాంకులో వేయండి. ఆ అకౌంట్‌కి యూపీఐ పెట్టకండి, ఏటీఎం కార్డు బీరువాలో ఉండాలి. డిసెంబర్‌లో చీటీ పూర్తయ్యాక వచ్చే 95,000 కూడా అందులోకే. బండి మార్చడానికీ కాదు, బావమరిదికి చేబదులుకీ కాదు. అప్పుడు 1,13,000, నాలుగు నెలలకు సరిపడా. మిగతాది వచ్చే ఏడాది.

మరి కంప్యూటర్? ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయించండి, ర్యామ్ వద్దు. మీ మిషన్‌లో ఉన్నది డీడీఆర్3 అనే పాతరకం ర్యామ్. ఎనిమిదో జనరేషన్ మిషన్లకు డీడీఆర్4 కావాలి, గాడి వేరేచోట ఉంటుంది కాబట్టి మీ ర్యామ్ వాటిలో దూరదు. ఆ 1,600 పాత పెట్టెతోపాటే పోతుంది. ఎస్‌ఎస్‌డీ అలా కాదు, రేపు కొత్త మిషన్‌కి మార్చుకుని ఫైళ్లు పెట్టుకోవచ్చు. అది 2,200, బిగించినందుకు 400. ఈ నెల మిగులులోనే వెళ్లిపోతుంది. నా సొంత పాత మిషన్‌కీ ఇదే చేయించాను. ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చేవాణ్ని, ఇప్పుడు గిన్నె స్టవ్ మీద పెట్టేలోపే తెర వెలుగుతోంది. డీటీపీకి వాడే పేజ్‌మేకర్‌కీ, అను తెలుగు ఫాంట్లకీ 4 జీబీ చాలు. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచే అలవాటు మాత్రం మానుకోవాలి.

అలాగని ఆ మిషన్ మీదే ఏళ్ల తరబడి నడపమనడం లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. నమోదు చేసుకున్నవారికి పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా నడుస్తుంది. షాపుకొచ్చేవాళ్ల ఆధార్, బ్యాంకు పనులు మీ చేతుల మీదుగా జరుగుతాయి కాబట్టి ఆ అక్టోబర్ 13 మీకు గట్టి గడువే. యాప్‌కి కట్టాలనుకున్న 2,500 మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఆర్‌డీలో వేయండి. ఏడు నెలలకు 17,500. మానిటర్ మీకుంది, బాగానే ఉంది (ఫోటోలో చూశాను, ఆయుధ పూజ బొట్టుతో సహా). మానిటర్ లేకుండా 17,000కి ఇస్తానన్నాడని మీరే రాశారు. అప్పుడు నగదే ఇచ్చి కొనండి.

"ర్యామ్ ధరలు పెరుగుతున్నాయి, ఇప్పుడే కొనండి" అంటున్నాడట షాపతను. పెరిగిన మాట నిజమే. కానీ వెయ్యో రెండు వేలో పెరిగినా అప్పు వడ్డీ కంటే తక్కువే. కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు మీద వారంటీ రాయించుకోండి, విండోస్ యాక్టివేట్ అయిందో లేదో షాపులోనే చూసుకోండి. ఆఫీసుల నుంచి వచ్చే సన్నపు పెట్టెల్లో చాలావాటికి మామూలు ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటిచ్చే పవర్ సప్లై) పట్టదు, పోతే ఆ కంపెనీదే వెతుక్కోవాలి. టవర్ మోడల్ దొరికితే అదే మంచిది.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా అడిగారు. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తాడో అడగండి, కాస్ట్ ఎక్కడుందో తెలుస్తుంది. మీ భార్య గొలుసు జోలికి వెళ్లకండి. టర్మ్ పాలసీ లేదన్నారు, ఆర్‌డీ పూర్తయిన నెలే తీసుకోండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

ఒక్క పని మాత్రం ఈ రాత్రికే చెయ్యండి. టిక్‌టిక్‌మంటున్న డిస్కు ఎప్పుడైనా పోవచ్చు. పన్నెండేళ్ల పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కుల డిజైన్లు అందులోనే ఉన్నాయన్నారు. ఎవరిదగ్గరైనా ఎక్స్‌టర్నల్ డిస్క్ అడిగి తెచ్చుకుని అవన్నీ అందులోకి ఎక్కించాకే ఆ పెట్టె మూత విప్పించండి.