గ్యాస్ సెన్సర్ లెక్కలు మొదలుపెట్టే మేనకోడలికి

అమ్మడూ,

మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒంటి పొర మీద నైట్రోజన్ డయాక్సైడ్ ఎలా అంటుకుంటుందో డీఎఫ్‌టీతో, అంటే ఎలక్ట్రాన్ల సాంద్రతను బట్టి శక్తిని లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతితో, చూస్తానని రాశావు. మంచి పనే. గ్రాఫీన్ మీద ఒక్కో అణువు వచ్చి వాలడాన్ని కూడా పసిగట్టవచ్చని 2007లో మాంచెస్టర్ వాళ్లు చూపించారు. ఆ తర్వాత ఈ రంగంలో పేపర్లకు కొదవ లేదు. సగం పేపర్లు మాత్రం అధిశోషణ శక్తి, అంటే అణువు పొరను పట్టుకునే బలం, ఎంత ఎక్కువైతే సెన్సర్ అంత గొప్పదన్నట్టు రాస్తాయి. నువ్వు ఆ మాయలో పడకు.

గట్టిగా అంటుకున్న అణువు మళ్లీ వదలాలి కదా! ఎంతసేపట్లో వదులుతుందో బంధం శక్తినీ ఉష్ణోగ్రతనూ బట్టి వేగం చెప్పే అర్హీనియస్ సూత్రంతో అంచనా వేయొచ్చు. కంపన పౌనఃపున్యం, అంటే అంటుకున్న అణువు ఊగే వేగం, సెకనుకు 10¹² సార్లు అనుకుంటే, 27 డిగ్రీల దగ్గర 0.5 ఎలక్ట్రాన్ వోల్టుల బంధం మిల్లీసెకనులోపే వీడిపోతుంది. 0.8 అయితే దాదాపు అర నిమిషం. 1.0 అయితే 17 గంటలు! అంతసేపు పట్టుకు కూర్చుంటే దాన్ని సెన్సర్ అనలేం, ఫిల్టర్ అనాలి. 127 డిగ్రీలకు వేడి చేస్తే ఆ 17 గంటలు 4 సెకన్లకు దిగుతాయి, కానీ హీటర్‌కి కరెంటు ఖర్చు ఉంటుంది. పేపర్‌లో శక్తి పక్కనే ఈ కాలం కూడా రాయి.

లెక్క విషయానికొస్తే, డీఎఫ్‌టీలో ఎక్కువగా వాడే పీబీఈ అనే ఉజ్జాయింపు ఒక్కటే అయితే అణువుల మధ్య ఉండే బలహీనమైన వాన్ డర్ వాల్స్ ఆకర్షణను సరిగా పట్టుకోదు. ఆ ఆకర్షణను చేర్చే డీ3 సవరణ కలుపు. నైట్రోజన్ డయాక్సైడ్‌లో బేసి ఎలక్ట్రాన్ ఉంది, కాబట్టి ఎలక్ట్రాన్ల స్పిన్‌ను లెక్కలోకి తీసుకునే ఆప్షన్ ఆన్ చెయ్యి. లెక్కలో నీ పొర పైనా కిందా మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఆ నకలు పొరల మధ్య 15 నుంచి 20 ఆంగ్‌స్ట్రాంల ఖాళీ ఉంచు. అణువును ఒకే భంగిమలో పెట్టి సరిపెట్టుకోకు: నైట్రోజన్ కిందికి, ఆక్సిజన్ కిందికి, గంధకం మీద, మాలిబ్డినం మీద, అన్నీ చూడు. ఐఐటీ హైదరాబాద్ సూపర్ కంప్యూటర్ పరమ్ సేవలో టైమ్ దొరికింది కదా అని నేరుగా పెద్ద లెక్క పెట్టేయకు. ముందు కొద్ది పరమాణువులే ఉన్న చిన్న సెల్‌తో, లెక్క ఎంత సూక్ష్మంగా ఉండాలో నిర్ణయించే కటాఫ్, కే-పాయింట్లు పెంచుతూ శక్తి ఎక్కడ నిలకడకు వస్తుందో చూసుకో.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. గాలిలో నీటి ఆవిరి, ఆక్సిజన్ ఉంటాయి. పొరలో గంధకం ఊడిపోయిన ఖాళీలు కూడా ఉంటాయి, అక్కడ అంటుకునే తీరే వేరు. నీ వాయువుతో పాటు వీటికీ అదే లెక్క చెయ్యి. లేకపోతే రివ్యూయర్ మొదట అడిగేది అదే.

ఇన్‌పుట్ ఫైళ్లు సిద్ధమయ్యాక రన్ చేసే ముందు ఒకసారి నాకు పంపు.

మీ మామయ్య