యువ రచయితకు లేఖ: ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరు పిల్లలు

చిరంజీవికి,

నీ నవల చిత్తుప్రతి పూర్తిగా చదివాను. యూదుల అమ్మాయి ఎస్తేర్, యూదుడు కాని ఆమె నేస్తం యాన్ నిజం పిల్లల్లాగే పోట్లాడుకుంటున్నారు, దాని జోలికి పోకు. చిక్కంతా తేదీల దగ్గరే. 1941 చలికాలంలోనే ఎస్తేర్ కోటుకు, యూదులని గుర్తుపట్టడానికి నాజీలు పెట్టించిన పసుపు నక్షత్రం కుట్టించేశావు. నెదర్లాండ్స్‌లో అది తప్పనిసరి అయింది 1942 మే 3 నుంచి. నాలుగైదు నెలల తేడాకే ఇంత రాద్ధాంతమా అనుకోకు. నీ కథ నడవాల్సింది ఆ నెలల వరసలోనే.

ముందు ఒక పెద్ద కాగితం మీద ఉత్తర్వులన్నీ వరసగా రాసుకో. 1940 మేలో హిట్లర్ జర్మన్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. 1941 వేసవి సెలవుల తర్వాత యూదు పిల్లల్ని వేరే బడులకు పంపేశారు. ఆ సెప్టెంబరులోనే పార్కులు, జంతు ప్రదర్శనశాల, గ్రంథాలయాలు వాళ్లకు మూసేశారు. 1942 జూన్ 30 ఉత్తర్వుతో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ఇల్లు కదలకూడదు, ట్రామ్ ఎక్కకూడదు, కొట్లకు మధ్యాహ్నం మూడు నుంచి ఐదులోపే వెళ్లాలి, యూదులు కానివాళ్ల ఇళ్లలో అడుగు పెట్టకూడదు. సైకిళ్లు లాక్కున్నదీ ఆ వేసవిలోనే.

ఇక కథావస్తువు కోసం వెతకడం దేనికి? ముందు ఒకే బెంచీ పోయింది, తర్వాత పార్కు, తర్వాత సైకిల్, చివరికి యాన్ వాళ్ల గుమ్మం. ఇద్దర్నీ విడదీయడానికి నువ్వు తెచ్చిన దుర్మార్గపు మేనమామను తీసేయ్. అతనుంటే చదివే పిల్లలు తప్పంతా అతని నెత్తిన వేసి ఊరుకుంటారు. గుమాస్తాలు, ముద్రలు, గోడ మీద నోటీసులు చాలు.

నక్షత్రం గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అక్కడ కాసేపు ఆగాలి. మనిషికి నాలుగు ఇచ్చారు, ఒక్కోటి నాలుగు సెంట్లు, పైగా రేషన్‌లో ఒక బట్టల కూపన్ పోయేది. గుడ్డ మీద అచ్చువేసిన నక్షత్రాన్ని కత్తిరించి, ఎడమవైపు ఛాతీ మీద గట్టిగా కుట్టుకోవాలి. ఆరేళ్లు నిండినవాళ్లకే ఆ నియమం. అంటే ఐదేళ్ల తమ్ముడు దావీద్‌కు ఉండదు. అక్కకు ఉంది, నాకెందుకు లేదని వాడు ఏడవచ్చు. వాడి ఆరో పుట్టినరోజును ఒక అధ్యాయం చెయ్యి. వాళ్లమ్మ సూది దారం తీస్తే చాలు, నువ్వు వ్యాఖ్యానించకు.

ఏడో అధ్యాయంలో ఆ తల్లి చేత గ్యాస్ గదుల మాట చెప్పించావు. నెదర్లాండ్స్‌లో యూదుల్ని పోగేసి ఉంచిన వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి, నాజీలు యూదుల్ని గ్యాస్ గదుల్లో చంపిన ఆష్విట్జ్ శిబిరానికి మొదటి రైలు కదిలింది 1942 జూలై 15న. వెళ్లేవాళ్లకు చెప్పింది పనికోసమని. పాఠకులకు తెలిసినదంతా పాత్రలకు తెలియకూడదు. ఆ తల్లి వెచ్చని మేజోళ్లు సర్దనీ.

యాన్ ఒంటిచేత్తో ఎస్తేర్‌ను తప్పించడం అసలు కుదరదు. పదేళ్లవాడికి అంత పని పెట్టకు. నిజంగా జరిగిందే వాడుకో. ప్లాంటేజ్ మిడెన్‌లాన్ వీధిలో యూదుల్ని పట్టుకొచ్చి ఉంచిన నాటకశాల, దానికి ఎదురుగా చిన్నపిల్లల్ని ఉంచిన శిశుసంరక్షణశాల ఉండేవి. ఆ నాటకశాల వ్యవహారాలు చూసిన యూదుడు వాల్టర్ సూస్కింద్, పట్టుకొచ్చినవాళ్ల వివరాలున్న కార్డుల్లోంచి పిల్లల పేర్లు మాయం చేసేవాడు. సంరక్షణశాల పెద్ద హెన్రియెట్ పిమెంటెల్, పక్కనున్న ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపిన యోహాన్ వాన్ హుల్స్ట్ కలిసి పిల్లల్ని పెరటి దారిన దాటించేవారు. ట్రామ్ అడ్డొచ్చి కాపలావాళ్లకు గుమ్మం కనబడని క్షణంలో కూడా కొందర్ని బయటికి తెచ్చారు. అలా సుమారు 600 మంది దక్కారు. దాటించింది ఎక్కువగా పసివాళ్లనీ చిన్నపిల్లల్నీ. కాబట్టి దావీద్ తప్పించుకోవచ్చు, ఎస్తేర్ తప్పించుకోకపోవచ్చు. ముగింపు మార్చేముందు ఇది ఆలోచించు. ఆ దేశంలో సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా చంపబడ్డారు. ఇద్దరూ బతికి మళ్లీ కౌగిలించుకునే నీ చివరి పేజీ ఆ లెక్క ముందు నిలవదు.

మరి యాన్ చేసేదేమిటి? ఎస్తేర్ సైకిల్‌ను సామాన్ల గదిలో దాచగలడు. చాలామంది యూదులు వస్తువుల్ని పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్లారు. తిరిగొచ్చి అడిగితే కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. 1945 మేలో విముక్తి వచ్చేనాటికి యాన్‌కు పదమూడేళ్లు. ఆ సైకిల్ తనకు సరిపోతోంది, మూడేళ్లుగా తొక్కుతున్నాడు కూడా. దావీద్ పరాయి పేరుతో ఊళ్లో పెరిగి వచ్చి గుమ్మంలో నిలబడితే యాన్ ఏం చేస్తాడో రాయి. ఏడో అధ్యాయం, ఈ చివరి అధ్యాయం తిరగరాసి ముందు అవి రెండే పంపు. ముందుమాట ఇప్పుడే వద్దు.

ఆశీస్సులతో