ఒడియా లిపిలో తెలుగు కథ రాయొచ్చా?

రాయాలన్న కోరిక ఉండి, ఎలాగో తెలియక ఆగిపోయిన పెద్దల ఉత్తరాలివి. ఈసారి తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు అవతల ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవి తీసుకున్నాం.

నా వయసు 68. ఇంట్లో తెలుగే గానీ చదువంతా ఒడియా మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, రాయడం రాదు. చిన్ననాటి సంగతులు కథలుగా రాయాలని ఉంది. ఇప్పుడు అక్షరాలు దిద్దాల్సిందేనా? (గుణుపురం)

దిద్దుకోండి, కానీ అందాకా కథను ఆపకండి. చేతికి అలవాటైన ఒడియా లిపిలోనే తెలుగు మాటలు రాసేయండి. దాన్ని కంప్యూటర్లో ఎక్కించాక ‘అక్షరముఖ’ లాంటి ఉచిత లిపిమార్పిడి సాధనంలో వేస్తే తెలుగు లిపిలోకి వస్తుంది. అయితే వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు ఎక్కడికీ పంపొద్దు. తప్పులు పడే చోట్లు ఇంచుమించు ఎప్పుడూ ఒకటే కాబట్టి, తెలుసుకుని దిద్దితే సరి.

మొదటిది హ్రస్వ దీర్ఘాలు. ఒడియా రాతలో ఎ–ఏ, ఒ–ఓ తేడా లేదు. ‘మెడ’ అని మీరనుకుని రాసింది ‘మేడ’ అయి కూర్చుంటుంది, ‘కొన’ కాస్తా ‘కోన’ అవుతుంది. రెండోది వకారం. ఒడియాలో బ, వలకు మామూలుగా ఒకే అక్షరం వాడతారు గనుక మీ బావగారు ‘బాబ’ అయిపోతారు. మూడోది మీ చెవి చేసే మోసం. ఒడియాలో అకారాన్ని ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు కదా, తెలుగు ‘అ’ వినపడాలని తెలియకుండానే దీర్ఘం పెట్టేస్తారు. ‘పడవ’ రాద్దామనుకుంటే ‘పాడాబా’ వస్తుంది. తెలుగు బాగా చదవగలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టి, కథ మీరు పైకి చెబుతుంటే దిద్దించండి. ముందు ఎ–ఏ, ఒ–ఓ కోసం ఒకసారి, తర్వాత బ–వ కోసం ఇంకోసారి. అన్నీ ఒకేసారి చూడబోతే సగం జారిపోతాయి.

ఫోనుకు చెప్పి రాయించుకోవడం రెండో దారి. గూగుల్ వారి జీబోర్డు కీబోర్డులో తెలుగు చేర్చుకుని, మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయి. ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టి, ఒక వాక్యం పూర్తిగా మనసులో అనుకున్నాకే చెప్పండి. మధ్యలో ఆలోచిస్తూ ఆగితే మైకు ఆగిపోతుంది. చుక్కలు, కామాలు తర్వాత మీరే పెట్టుకోవాలి. దీనితో అసలు చిక్కు వేరే ఉంది: యాసను ఫోను తనంతట తానే ‘బాగుచేస్తుంది’. మీరు ‘ఎల్తన్నాడు’ అంటే అది ‘వెళ్తున్నాడు’ అని వేసే అవకాశం ఎక్కువ. సంభాషణలో మీ మాటను మళ్లీ మీరే తెచ్చి పెట్టుకోవాలి.

ఇక తెలుగు అక్షరాలు దిద్దుకోవడం మీరనుకున్నంత కష్టమేమీ కాదు. క, ఖ, గ, ఘ వరుస మీకు వచ్చిందే, భాష మీదే. మారేది అక్షరం ఆకారమే. రోజుకు ఐదు అక్షరాలు, వాటి గుణింతం, వాటితో మీ ఇంట్లోవాళ్ల పేర్లు రాయండి.

మేం ఎనిమిది మందిమి, అందరం రిటైరయినవాళ్లం. రాసింది చదువుకుందామని మొదలుపెట్టాం. మూడో సమావేశానికే సగం మంది మానేశారు. ఒకాయన గంటసేపు చదువుతారు, మిగతావాళ్లం ‘బాగుంది’ అని చప్పట్లు కొడతాం. ఎక్కడ తప్పుతోంది? (బరంపురం)

ఆ రెండూ మీరే చెప్పారు: గంటసేపు చదవడం, చప్పట్లు. ఒకరికి ఎనిమిది నిమిషాలు, గడియారం పెట్టి. చేతిరాతలో ఐదు పేజీలకు మించదది. ఒక పూట నలుగురే చదవాలి, మిగతా నలుగురి వంతు పదిహేను రోజుల తర్వాత. వారం వారం పెడితే రాయడానికి వ్యవధి ఉండదు, నెలకోసారి అయితే రాసే ఊపు పోతుంది.

చదవడం అయ్యాక ‘బాగుంది, బాగాలేదు’ అనే మాటలు నిషేధించండి. విన్నవాళ్లు రెండే చెప్పాలి: కళ్లకు కట్టినట్టు కనిపించింది ఏది, ఎక్కడ దారి తప్పాం. అంతసేపూ రాసినవారు నోరు మెదపకూడదు. ‘అది కాదండీ, నా ఉద్దేశం...’ అని మొదలెట్టారంటే ఆ ఉద్దేశం కాగితం మీదికి రాలేదన్నమాట. చెప్పింది రాసుకుని ఇంటికెళ్లి చూసుకోవాలి, అంతే.

అంశం ఇచ్చేటప్పుడు ‘నా బాల్యం’, ‘మా నాన్నగారి ఆదర్శాలు’ వంటివి వద్దు. అవి ఉపన్యాసాలవుతాయి. వస్తువు ఇవ్వండి, చోటు ఇవ్వండి. మీ ప్రాంతంలో నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు ఉండేది, తర్వాత గుణుపురం దాకా సాగింది. బ్రాడ్‌గేజీ కోసం 2004లో ఆపేదాకా నడిచింది. ‘చిన్న రైల్లో ఒక ప్రయాణం’ అనండి చాలు. ఎవరి ఒళ్లో కూర్చున్నారు, సంచిలో ఏముంది, ఏ స్టేషన్లో ఎవరు ఎక్కారు అని అడగండి. ‘ఆ రోజులే వేరు’ అనే వాక్యం ఎవరి కాగితంలో కనిపించినా కొట్టేయండి.

కుర్చీలు వరుసగా కాక గుండ్రంగా వేయండి. వినికిడి తగ్గినవారు చదివేవారికి ఎదురుగా కూర్చుంటే పెదాలు కనిపిస్తాయి. ఫ్యాన్ల మోత తగ్గించండి. వీలైతే 16 పాయింట్ల అక్షరాల్లో తలా ఒక ప్రతి ఇవ్వండి. ఇళ్లల్లో మాత్రం పెట్టుకోకండి. రెండు సమావేశాలకే అది టిఫిన్ల పోటీగా మారుతుంది, ఆ ఇంటి ఆడవాళ్లు కథ వినడానికి బదులు వంటింట్లో ఉంటారు. గ్రంథాలయమో, ఆదివారం ఖాళీగా ఉండే బడి గదో, గుడి మండపమో చూసుకోండి.

మా మాటల్లో ఒడియా కలిసిపోయింది. శుద్ధమైన తెలుగులోకి మార్చి రాయాలా? (పర్లాకిమిడి)

ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడమే విచిత్రం! వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

మార్చకండి. కాకపోతే అర్థం సందర్భంలోనే తెలియాలి. మీకు ‘గుంట’ అంటే ఆడపిల్ల, వేరే జిల్లావారికి గొయ్యి. ‘గుంటను చంకనేసుకుని సంతకెళ్లింది’ అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు. బ్రాకెట్లో అర్థం ఇచ్చారో, కథ నిఘంటువవుతుంది.

నాలుగు కథలు పత్రికలకు పంపాను. జవాబే లేదు. (రాయగడ, గృహిణి, 63)

మీ ఉత్తరాన్ని బట్టి మూడు పొరపాట్లు కనిపిస్తున్నాయమ్మా. కాగితానికి రెండువైపులా రాశారు; ఫొటోలు తీసి పంపారు; ఒక కథను ముందే ఫేస్‌బుక్‌లో పెట్టారు. మూడోదే పెద్దది. చాలా పత్రికలు దాన్ని ప్రచురితమైన కథగానే లెక్కిస్తాయి.

చేతిరాతైతే ఒకవైపే రాసి, ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పు వదిలి, పేజీ సంఖ్యలు వేసి, జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి. మెయిలైతే యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాల్లో, టైపు చేసిన వర్డ్ ఫైలు. డీటీపీ సెంటర్లో ‘అను’ అనే ఫాంట్లలో కొట్టిస్తే, ఆ ఫాంట్లు లేనిచోట అది పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. చివర హామీపత్రం తప్పనిసరి: కథ మీ సొంతమని, అనువాదం గానీ అనుకరణ గానీ కాదని, ఎక్కడా అచ్చు కాలేదని, మరే పత్రిక పరిశీలనలోనూ లేదని. సంతకం, తేదీ, చిరునామా. మూడు నెలలు చూసి, కథను వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక ముక్క రాసి, వేరే పత్రికకు పంపండి.

పన్నెండు కథలున్నాయి. పుస్తకం వేస్తామని ఒకరు డబ్బు అడుగుతున్నారు, ఒప్పంద పత్రం కూడా ఇచ్చారు. సంతకం పెట్టొచ్చా? (సిరొంచ)

డబ్బు మీదైతే హక్కులు వారికి రాసివ్వాల్సిన పనిలేదు. కాపీరైట్ చట్టం (1957) ప్రకారం హక్కు మీది. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు మీ వారసులది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా ఉంటుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు అని చట్టం లెక్క. అందుకే ‘శాశ్వతంగా’ అన్న మాట ఉంటే కొట్టేయించండి. పుస్తకాన్ని గుర్తించే సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం వేలు అడిగితే నమ్మకండి. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, రచయిత నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు.

పేజీల లెక్క కూడా తెలిసి ఉండాలి. కథకు 1500 మాటల చొప్పున 18 వేలు. డెమీ సైజులో (మామూలు కథల పుస్తకం సైజు) పేజీకి 200 మాటలు పడితే 90 పేజీలు, ముందు పేజీలు ఆరు, మొత్తం 96. ఒక ఫారం, అంటే అచ్చులో మడతపెట్టే ఒక పెద్ద కాగితం, 16 పేజీలు కాబట్టి సరిగ్గా ఆరు ఫారాలు. 98 అయిందంటే రెండు పేజీల కోసం ఏడో ఫారానికి కట్టాలి. అప్పుడు ముందుమాటల్లో ఒకటి తగ్గించుకోండి, పాఠకులేమీ నష్టపోరు. వంద ప్రతులకు డిజిటల్ ప్రింటు చాలు, అయిదారు వందలైతే ఆఫ్‌సెట్. బాకీ తీర్చే రోజునే పేజీల ఫైలును పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. తర్వాత అడిగితే దొరకదు.